గోడ చివర నీళ్లు

ట్రియెస్తెలో మన బీచ్‌కి నడిమధ్య గోడ.
అటు మగవాళ్లు, ఇటు మనం.
సున్నం కొట్టిన తెల్లగోడ, ఎండలో చూడాలంటే కళ్లు చిట్లించాల్సిందే.
నలభై ఒకటో ఏట కూడా
దాని నీడలోనే తువ్వాలు పరుచుకునేదాన్ని.
మోకాళ్ల దాకా చొక్కా,
ఒళ్లో నవల,
గంటైనా పేజీ తిరిగేది కాదు.

నా పని నీకు తెలుసు కదా, నివెస్.
మెళ్లో టేపు, పెదాల మధ్య గుండుసూదులు,
ఊళ్లో సగంమంది నడుములు నా నోటుబుక్కులో ఉన్నాయి.
పెళ్లికూతుళ్లు పొట్ట బిగబట్టి నిలబడితే
"ఊపిరి వదులు తల్లీ,
బట్టని నీకు సరిచేద్దాం, నిన్ను బట్టకి కాదు" అనేదాన్ని.
అందరికీ పంచిపెట్టిన ఆ మాట
అద్దం ముందు మాత్రం గొంతులో అడ్డం పడేది.
పదిహేనేళ్లుగా
నా కొలత నేను తీసుకోలేదు.

తుల్లియో వచ్చాడు.
ట్రామ్ షెడ్డులో మెకానిక్,
వారానికో ప్యాంటు, అంచు మడిచి కుట్టమని.
ఐదో వారం
ఏ లోపమూ లేని ప్యాంటు బల్ల మీద పెట్టి
"దీనికి కూడా... ఏదో ఒకటి చెయ్యండి" అన్నాడు.
గోళ్ల కింద గ్రీజు. చెవులు ఎర్రగా.
ఆదివారం ఈతకొస్తారా అన్నాడు.
జలుబు చేసిందన్నాను.
జూలైలో.

నీకు చెబితే నవ్వుతావనుకున్నాను.
నువ్వు నవ్వలేదు.
మర్నాడు అతను చేపలకి వస్తే
సార్డీన్ల పొట్టలు చీలుస్తూ, తలైనా ఎత్తకుండా,
"దానికి జలుబు కాదు నాయనా, భయం" అన్నావట
బజారంతా వినేలా.

మూడు వారాలు నీ ముఖం చూడలేదు.
మన కాఫీ కొట్టు ఎదురైతే వీధి మార్చాను.
మార్చాను గానీ
ప్రతి మలుపులోనూ ఫిబ్రవరి గుర్తొచ్చేది:
బోరా గాలి మనుషుల్ని కాగితాల్లా ఈడ్చుకుపోతుంటే
నా చెయ్యి నీ చంకలో ఇరికించుకుని అరిచావు,
"మనిద్దరం కలిస్తే దీని తరం కాదే!"
నా బరువుని
పనికొచ్చే వస్తువులా వాడిన మనిషివి
నువ్వొక్కదానివే.

ఆగస్టులో ఒక పొద్దున తలుపు తట్టావు.
క్షమించమనలేదు. ఆ మాట నీకు రాదు.
కాగితంలో చుట్టిన చేప బల్ల మీద పెట్టి
నా మెళ్లోంచి టేపు లాగి నా చేతికే ఇచ్చి
"ముందు నన్ను కొలు" అన్నావు.

కొలిచాను.
నువ్వు పొట్ట లోపలికి లాక్కున్నావు.
నువ్వు!
ఒక్క కేకతో బజారుని ఆపేదానివి.
నా వేళ్ల కింద
నాలుగు సెంటీమీటర్ల అబద్ధం వణికింది.
నీ కళ్లు గోడ మీది క్యాలెండరు చదువుతున్నాయి.

"ఊపిరి వదులు తల్లీ" అన్నాను.
వదిలావు.
ఎప్పటి నుంచి పట్టి ఉంచావో, చాలాసేపు వచ్చింది.

తర్వాత నా వంతు.
అంకె పైకి చదివావు, ట్రామ్ నంబరు చెప్పినట్టు.
పైకప్పు ఊడిపడలేదు.
చేప వాసన వేస్తోంది.
ఇద్దరికీ ఆకలేసింది.

ఆ ఆదివారం చొక్కా గులకరాళ్ల మీదే ఉండిపోయింది.
ముసలమ్మలు పేకముక్కల్లోంచి తలెత్తలేదు,
ఒకావిడ మాత్రం
"నీళ్లు బాగున్నాయి, పో" అంది.

గోడ నీళ్లలోకి కొంతదూరమే వెళ్తుంది.
ఆపైన సముద్రం దాన్ని పట్టించుకోదు.
ఆ చివర దాటగానే
నెత్తికి జుట్టంటుకుపోయి, కళ్లద్దాల్లేకుండా, తుల్లియో.
"సరిగా కనబడట్లేదు, మీరేనా?"
"నేనే" అన్నాను.
ఉప్పునీళ్లు నోట్లోకి పోయాయి.
మళ్లీ అన్నాను, నేనే.

అప్పుడే ఒడ్డు నుంచి నీ కేక,
"ఒండీనా! ముక్కలు పంచేశారే!"

"ఉండు, వస్తున్నా" అన్నాను.

ఎవరితో అన్నానన్న దాని మీద
మీ ఇద్దరికీ
ఇప్పటికీ తగువే.